తెరమీది దువ్వెన గీతలు

పెండ్లినాటి వీడియో క్యాసెట్టును కంప్యూటరులోనికి ఎక్కించుకొని చూచు గృహస్థులకు ఒక వింత కనబడుచుండును. వధూవరులు పీటలమీద కదలక కూర్చున్నంతసేపు బొమ్మ నిర్మలముగానే యుండును. తలంబ్రములు మొదలైనంతనే పైకెత్తిన చేతుల అంచులు దువ్వెన పండ్లవలె చీలిపోవును. రాలుచున్న బియ్యపు గింజలు తునకలు తునకలుగా కనిపించును. క్యాసెట్టు చెడిపోయినదని కొందరును, ఎక్కించినవాని చేతకానితనమని మరికొందరును తలంతురు. సాధారణముగా ఈ రెండును నిజము కావు. ఈ గీతల వెనుక తొంబది యేండ్లకు మించిన చరిత్ర కలదు. ఆ చరిత్ర నెరుగక గీతలను తుడిచివేయబూనినచో, వానితోపాటు ఆనాటి కదలికలో సగమును గూడ తుడిచివేసినవారమగుదుము. ఈ సంగతినే మేమిచ్చట వివరింపదలచినాము.

ఇది పెద్ద నగరములకు మాత్రమే చెందిన విషయము కాదు. ఖమ్మము జిల్లా అంచున, భద్రాచలపు అడవులకును ఆంధ్రప్రదేశపు సరిహద్దునకును చేరువగా నున్న సత్తుపల్లి వంటి పట్టణమును తీసికొందము. మహానగరముల వీధులను చలనచిత్రములవారు పలుమార్లు చిత్రించినారు, వార్తాచిత్రములవారును చిత్రించినారు. చిన్న పట్టణముల వీధులకు ఆ భాగ్యము అరుదు. వాని కదలు బొమ్మలు మిగిలియున్నచో, అవి చాలవరకు ఇండ్లలోని బీరువాలలోనే యున్నవి. పెండ్లి ఊరేగింపు వెనుక కనిపించు దుకాణములు, గృహప్రవేశమునాడు వాకిట కూర్చున్న పెద్దలు, బడి వార్షికోత్సవములో కోలాటమాడు పిల్లలు, వీరందరును ఆ క్యాసెట్టులలోనే కలరు. సింగరేణివారి ఉపరితల గనులు వచ్చిన తరువాత సత్తుపల్లి పరిసరముల రూపమే మారినది. అంతకు మునుపటి ఊరు ఎట్లుండెడిదని మనుమలు అడిగిన దినమున చూపుటకు ఈ క్యాసెట్టులే సాక్ష్యములు. అందుచేత వానిని ఎక్కించు పని కేవలము వినోదము కాదు. అది చరిత్రను కాపాడు పని.

ఇక గీతల పుట్టుక. చలనచిత్రమునందు సెకనుకు 24 బొమ్మలు నడచును. కదలికను నమ్మించుటకు ఆ సంఖ్య చాలును గాని, వెలుగు ఆరుచు వెలుగుచు కంటికి మినుకుమినుకుమని తోచును. అందుచేత ప్రొజెక్టరులోని రెక్క ఒక్కొక్క బొమ్మను రెండుమార్లు తెరపై చూపించును; కంటికి సెకనుకు 48 మెరుపులు అందును, మినుకు చాలవరకు అణగును. మన యూళ్లకు వచ్చిన టూరింగు టాకీసులలోను జరిగినది ఇదియే. కాని తొలినాటి టెలివిజనునకు ఈ ఉపాయము అందుబాటులో లేదు. ఫిలిము చేతిలోనున్న వస్తువు. దానిని రెండుమార్లు చూపవచ్చును. టెలివిజను బొమ్మ గాలిలో వచ్చుచుండగనే గీతలు గీతలుగా పుట్టి ఆరిపోవును. దానిని నిలిపి మరల చూపుటకు ఆనాటి పెట్టెలలో సాధనము లేదు. సెకనుకు 50 పూర్తి బొమ్మలను పంపుదమన్నచో ప్రసారమునకు రెట్టింపు వెడల్పుగల దారి కావలెను. ఆ దారి దొరకుట దుర్లభము.

ఈ చిక్కును విప్పుటకు జర్మనీలో టెలిఫుంకెన్ సంస్థకు చెందిన ఫ్రిట్జ్ ష్రోటర్ 1930లో ఒక ఉపాయమునకు పేటెంటు కోరినాడు. అమెరికాలో ఆర్.సి.ఏ. సంస్థకు చెందిన రాండల్ బలార్డ్ 1932లో అట్టి పద్ధతికే పేటెంటు కోరినాడు. ఉపాయము మిక్కిలి సులభమైనది: బొమ్మను ఒక్కసారిగా పంపక, ముందు బేసి గీతలను, పిమ్మట సరి గీతలను పంపుట. గీతలలో సగముతో ఏర్పడిన ఒక్కొక్కదానిని మనము అర్ధచిత్రమందము. సెకనుకు 50 అర్ధచిత్రములు వచ్చును. కంటికి 50 మెరుపులు అందును. కాని పంపిన గీతల మొత్తము 25 పూర్తి బొమ్మలకు సరిపడునంతయే.

మన చేనేత మగ్గమును చూచినవారికి ఇది క్రొత్త కాదు. సాదా నేతలో పడుగు దారములు ఒకటి విడిచి ఒకటి పైకి లేచును, నాడె నడచును, మరల మిగిలిన దారములు లేచును. రెండు వరుసలును కలిసినగాని బట్ట కాదు. టెలివిజను బొమ్మయు అట్టి అల్లికయే. ఆంగ్లమునందలి ఇంటర్లేసింగ్ అను పేరునకును అల్లుట యనియే అర్థము.

ఈ అల్లిక బలము 1936లో లండనులో ప్రత్యక్షముగా తేలినది. ఆ సంవత్సరము నవంబరు 2వ తేదీన బి.బి.సి. అలెగ్జాండ్రా ప్యాలెసునుండి టెలివిజను ప్రసారములు ఆరంభించినది. రెండు పద్ధతులు పోటీ పడినవి. ఒకటి జాన్ లోగీ బెయిర్డుది: 240 గీతలు, అల్లిక లేని 25 బొమ్మలు. రెండవది మార్కొనీ ఈ.ఎం.ఐ. వారిది: 405 గీతలు, 50 అర్ధచిత్రముల అల్లిక. కొన్ని నెలలకే, 1937 ఫిబ్రవరిలో, బెయిర్డు పద్ధతి విరమింపబడినది. మినుకు తక్కువగుట, బొమ్మ సూక్ష్మముగా నుండుట, కెమెరాలు సులువుగా కదలుట, ఇవన్నియు రెండవ పక్షమునకు బలమైనవి. 405 గీతల ప్రసారము బ్రిటనులో 1985 వరకు సాగినది.

గీతల సంఖ్య ఎల్లప్పుడు బేసియే యగుటలోను ఒక యుక్తి కలదు. మన దేశము స్వీకరించిన పద్ధతిలో 625 గీతలు. దానిని రెండుగా పంచినచో అర్ధచిత్రమునకు 312½ గీతలు వచ్చును. ఒక అర్ధచిత్రము గీత మధ్యలో ముగియును గనుక, తరువాతిది తనంత తానే అరగీత జరిగి, మొదటి గీతల సందులలో పడును. ప్రత్యేకముగా ఒక యంత్రము జరుపనక్కరలేదు. సెకనుకు 50 అను సంఖ్యయు యాదృచ్ఛికము కాదు. బ్రిటనులోను మన దేశములోను ఇంటి విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు కలది. అమెరికాలో అది 60 గనుక అచ్చటి టెలివిజను 525 గీతలతో, ఇంచుమించు 60 అర్ధచిత్రములతో నడచినది. ఈ భేదము మన తెలుగు కుటుంబములకు ఎట్టి చిక్కు తెచ్చినదో ముందు చెప్పుదము.

భారతదేశములో టెలివిజను 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగముగా మొదలై, 1965లో నిత్యప్రసారమైనది. తెలుగు పల్లెలకు అది మొదట ఆకాశమార్గముననే వచ్చినది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు జరిగిన సైట్ ప్రయోగములో, ఆరు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములు అమెరికా వారి ఏ.టి.ఎస్. 6 ఉపగ్రహమునుండి ప్రసారములు అందుకొన్నవి. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. తరువాత 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ప్రారంభమైనది. అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు సత్తుపల్లి ప్రాంతపు రాజకీయములనుండి ఎదిగినవారే. ఐనను హైదరాబాదు ప్రసారము ఆ ప్రాంతమునకు అందని దూరము. 1948 డిసెంబరు 1న వెలసిన విజయవాడ రేడియో కేంద్రము ఆ సీమ చెవులకు దగ్గరయైనంతగా, హైదరాబాదు బొమ్మ కన్నులకు దగ్గర కాలేదు. భద్రాచలపు సీతారామ కల్యాణమును ఉషశ్రీ వ్యాఖ్యానముతో చెవులార విని, మనస్సులోనే బొమ్మ కట్టుకొన్న తరమది. 1983 ఆగస్టులో ఇన్సాట్ 1బి ఉపగ్రహము ఎగిరిన పిమ్మట, 1984 ప్రాంతమున చిన్న ప్రసారిణులు దేశమంతట విరివిగా వెలసి, దూరపు పట్టణములకును బొమ్మ చేరినది.

ఇంచుమించు అదే కాలమున మరియొక మార్గమున బొమ్మ ఇంటికి వచ్చినది. జపానులోని జె.వి.సి. సంస్థ 1976లో విడుదల చేసిన వి.హెచ్.ఎస్. క్యాసెట్టు 1980ల నాటికి మన పట్టణములకు చేరినది. వీడియో దుకాణములు వెలసినవి. పెండ్లికి ఫోటోగ్రాఫరుతోపాటు భుజముపై బరువైన కెమెరాతో, వెంట కన్నులు మిరుమిట్లుగొలుపు లైటుతో వీడియోగ్రాఫరు వచ్చుట ఆచారమైనది. పిమ్మట మిక్సింగు చేసి, పూలు విచ్చుకొనునట్లు దృశ్యములు మార్చి, సినిమా పాటలు చేర్చి క్యాసెట్టు ఇచ్చెడివారు.

ఆ కెమెరా చేసిన పనిని గమనింపవలెను. అది సెకనుకు 25 మారులు పెండ్లిని చూడలేదు. 50 మారులు చూచినది. బేసి గీతలను చూచిన క్షణము వేరు, సరి గీతలను చూచిన క్షణము వేరు. నడుమ సెకనులో 50వ వంతు గడచినది. క్యాసెట్టు రికార్డరులోని గుండ్రని డోలు సెకనుకు 25 చుట్లు తిరుగును. దానిపై ఎదురెదురుగా రెండు హెడ్లు ఉండును. ఒక్కొక్క హెడ్డు టేపుపై ఏటవాలుగా ఒక్కొక్క బాటను గీయుచు, బాటకొక అర్ధచిత్రమును ఉంచును. అనగా టేపుపై ఆ రెండు క్షణములు ఇప్పటికిని వేరువేరుగానే యున్నవి. వధువు చేయి పైకి లేచిన క్షణము ఒక బాటలోను, గింజలు విడిచిన క్షణము ప్రక్క బాటలోను భద్రముగా నున్నవి.

పాత పిక్చర్ ట్యూబు టి.వి. ఈ రెండు క్షణములను అవి పుట్టిన వరుసలోనే చూపించెడిది. ఒక గీతల వరుస వెలిగి ఆరుచుండగా రెండవది వెలిగెడిది. కన్ను వానిని కదలికగా గ్రహించెడిది. దువ్వెన గీతలు కనిపించుటకు అవకాశమే లేదు. ఇప్పటి పలుచని తెరలు అట్లు కావు. అవి బొమ్మలోని గీతలన్నిటిని ఒకేసారి నిలిపి చూపును. కంప్యూటరులోనికి ఎక్కించునపుడు రెండు అర్ధచిత్రములను కలిపి 576 గీతల ఒకే బొమ్మగా దాచుదురు. కదలని వస్తువునకు ఇబ్బంది లేదు. రెండు క్షణములలోను అది ఒకేచోట నుండును. కదలిన చేయి మాత్రము బేసి గీతలలో ఒకచోటను, సరి గీతలలో ఇంకొకచోటను ఉండును. ఆ ఎడమే మన దువ్వెన. దోషము టేపుది కాదు, కాలముదియు కాదు. రెండు క్షణములను ఒకే క్షణముగా చూపబూనిన క్రొత్త తెరది.

ఈ గీతలను తీయు పనిని ఎడిటింగు చేయువారు డీఇంటర్లేసింగ్ అందురు. మనము అల్లిక విప్పుట అనవచ్చును. దానికి పలు మార్గములు కలవు. మొదటిది, ఒక అర్ధచిత్రమును పారవేసి, మిగిలినదానిని సాగదీయుట. గీతలు తక్షణమే మాయమగును. కాని 50 క్షణములలో 25 పోవును, నిలువుగానున్న సూక్ష్మతలో సగము పోవును. ఒకే గీత మందముననున్న బియ్యపు గింజ ఆ పారవేసిన గీతపై పడియున్నచో, గింజయు పోవును. రెండవది, రెండు అర్ధచిత్రములను పాలు నీళ్లవలె కలిపివేయుట. దువ్వెన పండ్లు పోయి, చేతికి నీడవంటి రెండవ చేయి మొలచును. మూడవది, బొమ్మలో కదలనిచోట రెండు వరుసలను అట్లే ఉంచి, కదలినచోట మాత్రమే లేని గీతలను ప్రక్కవాని ఆధారమున పూరించుట. నాలుగవది, చేయి ఎటు కదలుచున్నదో గణించి, ముందు వెనుకల అర్ధచిత్రములనుండి సరియైన వివరమును తెచ్చి పూరించుట. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అను ఉచిత సాధనములోని యాడిఫ్ మూడవ తెగకు చెందినది. ఎవిసింత్‌తో పనిచేయు క్యూ.టి.జి.ఎం.సి. నాలుగవ తెగకు చెందినది, నిదానమైనది, కాని ఫలము మేలైనది.

ఇచ్చట ఒక సూక్ష్మమును మరువరాదు. యాడిఫ్‌ను ఏమియు నిర్దేశింపక వదలినచో, అది సెకనుకు 25 బొమ్మలను మాత్రమే ఇచ్చును. అర్ధచిత్రమునకొక పూర్తి బొమ్మ కావలెనని మనము కోరినపుడే 50 ఇచ్చును. కోలాటపు కోలలు తగులు లయ, నాదస్వరమువాని పక్కనున్న డోలు విద్వాంసుని చేతి వేగము, ఈ 50లో కనిపించినట్లు 25లో కనిపింపవు. చూచువారు కారణము చెప్పలేకపోవచ్చును గాని, ఏదో తడబాటున్నదని మాత్రము గ్రహింతురు.

తిరిగి సరిదిద్దరాని నష్టము మరియొకచోట కలదు. గీతలు విప్పకమునుపే బొమ్మను నిలువున కుదించినచో, బేసి గీతలును సరి గీతలును ఒకదానిలో నొకటి కరగిపోవును. రెండు రంగుల దారములను కలిపి ఒకే పురిగా పేనిన పిదప వేరుచేయ బూనినట్లగును. అందుచేత వరుస ఇట్లుండవలెను: ముందు అల్లిక విప్పుట, ఆ పిమ్మటనే కుదించుట, పెంచుట, అంచులు కత్తిరించుట. 2000 తరువాతి సంవత్సరములలో మన పట్టణములందు పెండ్లి క్యాసెట్టులను వి.సి.డి.లలోనికి మార్చి, క్యాసెట్టులను అటకపై పడవేసినవారు, పారవేసినవారు గూడ కలరు. మన దేశపు వి.సి.డి. బొమ్మకు 288 గీతలే, సెకనుకు 25 బొమ్మలే. అనగా క్యాసెట్టులోని గీతలలో సగము, క్షణములలో సగము అందులో లేవు. సి.డి. మెరయుచున్నదని దానినే మూలముగా భావించుట పొరపాటు. అటకపై క్యాసెట్టు ఇంకను ఉన్నచో అదియే మూలము.

అమెరికాకు వెళ్లిన తెలుగువారి కథ ఇంకొక విధమైనది. ఇక్కడినుండి పంపిన పెండ్లి క్యాసెట్టు అక్కడి సామాన్యమైన వి.సి.ఆర్.లో ఆడదు, 625 గీతలకును 525 గీతలకును పొత్తు కుదరదు. అందుచేత అక్కడి పద్ధతికి మార్పించుకొనవలసివచ్చెడిది. చవుకరకపు మార్పులో 50 అర్ధచిత్రములను 60 చేయుటకు ప్రక్కప్రక్క వానిని కలిపివేసెడివారు. అట్టి ప్రతిలో అర్ధచిత్రములే రెండేసి క్షణముల కలగలుపు. ఎట్టి సాధనమును దానిని సంపూర్ణముగా విడదీయజాలదు. కాబట్టి విదేశములోని మార్చిన ప్రతిని ఎక్కించుటకంటె, ఇంటివద్ద మిగిలిన మొదటి క్యాసెట్టును వెదకించుట మేలు.

సినిమాల విషయమున మాత్రము ఈ నియమము మారును. చిత్రలహరిలోని పాటలను, దూరదర్శన్‌లో వచ్చిన పాత చలనచిత్రములను ఇంటిలో రికార్డు చేసికొన్నవారు కలరు. మన పద్ధతిలో 24 బొమ్మల ఫిలిమును కొంచెము వేగము పెంచి సెకనుకు 25గా నడిపెడివారు. ఒకే ఫిలిము బొమ్మనుండి రెండు అర్ధచిత్రములును వచ్చును. నడుమ కాలభేదము లేదు. కావున రెండింటిని తిరిగి కలిపినంతనే మూలపు బొమ్మ చెక్కుచెదరక లభించును. ఎప్పుడైన గీతలు కనిపించినచో, ఒక బొమ్మలోని సగము ప్రక్క బొమ్మలోని సగముతో జతకూడినదని అర్థము. జతను ఒక అర్ధచిత్రము జరిపినచో చాలును. అట్టి చిత్రముపై అల్లిక విప్పు సాధనమును ప్రయోగించుట ఆరోగ్యవంతునికి మందు పోయుటవంటిది.

ఈ పని చేయించుకొనగోరు గృహస్థులకు మా సూచనలు కొలదివి. మొదట, క్యాసెట్టును 576 గీతలతో, అర్ధచిత్రములను కదల్చక యథాతథముగా ఎక్కింపవలెను. 1995లో వచ్చిన డి.వి. పద్ధతిలో దాచినచో గంటకు సుమారు 13 గిగాబైట్ల చోటు పట్టును. ఈనాటి డిస్కులకు అది భారము కాదు. రెండవది, ఏ అర్ధచిత్రము ముందో తెలిసికొనవలెను, డి.వి.లో క్రింది గీతలది ముందు, ఇతర పద్ధతులలో పై గీతలది ముందు కావచ్చును. వరుస తారుమారైనచో నడచు మనిషి ఒక అడుగు ముందునకు, ఒక అడుగు వెనుకకు వేయుచు వణకుచున్నట్లు కనిపించును. ఊరేగింపు దృశ్యమును చూచినచో ఇది ఇట్టే తెలియును. మూడవది, అల్లిక విప్పి 50 బొమ్మలుగా చేసిన ప్రతిని బంధువులకు పంచవచ్చును; విప్పని మూలమును మాత్రము చెరపక దాచవలెను. నేటి సాధనములకంటె రేపటివి మేలుగా నుండును. 1990లలోని పద్ధతులకంటె నేటివి ఎంత మేలో చూచుచునే యున్నాము. రేపటి సాధనము పని చేయుటకు మూలము మిగిలియుండవలెను గదా!

కాలము మాత్రము మనకొరకు ఆగదు. వి.హెచ్.ఎస్. యంత్రములు తయారుచేయుచు చివరకు మిగిలిన ఫునాయ్ అను జపాను సంస్థయు 2016 జూలైలో ఆ పని మానివేసినది. వానకాలపు తేమకు టేపుపై బూజు పట్టును. అయస్కాంతపు గుర్తు నానాటికి క్షీణించును. చక్కగా పనిచేయు వి.సి.ఆర్. దొరకుట ఏటికేడు కష్టమగుచున్నది. టేపు నొకసారి ఆడించుటకే అవకాశమున్నదని తలచి, ఆ ఒక్కసారియే సరిగా ఎక్కించుకొనుట వివేకము.

సన్నని ప్రసారపు దారిలో ఎక్కువ కదలికను పంపుటకు పూర్వులు పన్నిన పొదుపు ఈ అల్లిక. దానివలననే సామాన్యుని పెండ్లిలోను సెకనుకు 50 క్షణములు నిలిచినవి. తెరమీద దువ్వెన గీతలు కనిపించినపుడు, ఆ రెండు క్షణములును ఇంకను చెడక యున్నవనియే మనము గ్రహింపవలెను. వానిని వేరుచేసి రెండింటికిని చోటు కల్పించుట మన పని. ఒకదానిని బలియిచ్చి రెండవదానిని నునుపుచేయుట కాదు.